పిల్లలు "నా వల్ల ఏమవుతుంది" అంటుంటే: శ్రీకాకుళం జిల్లా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పూట పిల్లలతో కూర్చుని ఊరి సంగతులు మాట్లాడడం మా పని. పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పడం తేలికే, చిక్కంతా పెద్దవాళ్ళ ప్రశ్నలతోనే. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవాటిని ఇక్కడ రాశాం. కొన్నింటికి జవాబు పొడవు, కొన్నింటికి రెండు మాటలే.

పిల్లల వల్ల నిజంగా ఏమైనా మారుతుందా? వాళ్ళను సంతోషపెట్టడానికి చెప్పే మాట కాదా ఇది?

అన్నీ మారవు. జిల్లాకు ఏ పరిశ్రమ రావాలి, వంశధార నీళ్ళు ఎవరికెంత, ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు మూలమేమిటి అన్నవి పన్నెండేళ్ళ పిల్ల తేల్చగలిగేవి కావు. తేల్చగలదని ఆ పిల్లతో చెబితే అబద్ధం చెప్పినట్టే. అయితే బడి కుళాయి దగ్గర బురద, వీధి చివర వెలగని దీపం, మధ్యాహ్న భోజనంలో రోజూ పారబోసే అన్నం, నెల రోజులుగా బడికి రాని పక్క బెంచీ పిల్లవాడు, ఇవన్నీ మారగలవు.

పైగా పిల్లలకు పెద్దలకు లేని వెసులుబాటు ఒకటుంది. వాళ్ళకు పార్టీ లేదు. వీధి దీపం గురించి పెద్దవాడు అడిగితే ఆయన ఏ వర్గమో చూస్తారు. ఆరో తరగతి పిల్ల అడిగితే దీపం వైపు చూస్తారు.

"నువ్వు తలచుకుంటే ఏదైనా సాధించగలవు" అని రోజూ చెబుతూనే ఉన్నాం. అది చాలదా?

చాలదు. తన మీద తనకు నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక సిద్ధాంతంగా రాశారు. ఆయన నాలుగు మూలాలు చెప్పారు. అన్నిటికన్నా బలమైనది, తానే ఒక పని చేసి దాని ఫలితాన్ని చూడడం. రెండోది, తనలాంటివాళ్ళు చేయగా చూడడం. ఇతరులు చెప్పే ప్రోత్సాహపు మాట మూడోది. భయం, అలసట, గుండెదడ వంటి శరీర స్థితి నాలుగోది. మనం మూడోదాన్నే పట్టుకుని వదలం. ఖర్చు లేనిది అదొక్కటే కదా.

మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో ప్రయోగాలు చేశారు. కొన్ని పజిళ్ళు బాగా చేసినందుకు కొందరిని తెలివైనవారని, కొందరిని కష్టపడ్డారని మెచ్చుకున్నారు. ఆ తరువాత కఠినమైన పజిళ్ళిచ్చి ఓడిపోనిచ్చారు. తెలివైనవారనిపించుకున్న పిల్లలే త్వరగా చేతులెత్తేశారు. "మా వాడు చాలా తెలివైనవాడండీ" అని చుట్టాల ముందు చెప్పే ముందు ఇది గుర్తుకు రావాలి. "మూడుసార్లు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి అడిగి వచ్చాడు" అని చెప్పండి. ఆ మాటలో వాడు చేసిన పని కనిపిస్తుంది.

ఇక రెండో మూలం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. ఒలింపిక్స్‌లో పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ కథ మన పిల్లలకు తప్పక చెప్పాలి. అయితే ఆరో తరగతి పిల్లకు ఒలింపిక్ పతకం చాలా దూరపు సంగతి. పక్క వీధిలో ఉంటూ తనకన్నా రెండు తరగతులు పైన చదివే అక్క పంచాయతీకి వెళ్ళి చెత్తబుట్టలు వేయించిందని తెలిస్తే, "నేనూ వెళ్తాను" అంటుంది.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి?

ఐదారేళ్ళప్పుడు ఇంట్లో, తొమ్మిదో పదో ఏట వీధిలో, పన్నెండు దాటాక పంచాయతీలో. ఇది మా అనుభవం చెప్పే అంచనా మాత్రమే.

మొదటి పని ఎలా ఎంచుకోవాలి?

ఫలితం కొద్ది వారాల్లో కంటికి కనిపించాలి. నిర్ణయం తీసుకునే మనిషి పిల్లలు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండాలి. ప్రమాదం ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే పని ఎంత చిన్నదైనా పరవాలేదు. నిజానికి ఎంత చిన్నదైతే అంత మంచిది. పెద్దలు ఎప్పుడూ తప్పటడుగు వేసేది ఇక్కడే. పిల్లలతో మొదలుపెడుతున్నాం కదా అని "ప్లాస్టిక్ రహిత జిల్లా" అంటారు. ఏడాది గడిచేసరికి ప్లాస్టిక్ అలాగే ఉంటుంది, పిల్లల ఆశ ఉండదు.

తీరపు ఊళ్ళవారికి ఒక ఉదాహరణ. మన జిల్లా తీరం దాదాపు 190 కిలోమీటర్లు. చలికాలం చివరి నుంచి వేసవి మొదలయ్యే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. సుమారు ఏడెనిమిది వారాలకు తాబేలు పిల్లలు బయటికొచ్చి, సముద్రం మీది వెలుతురును బట్టి నీటి వైపు నడుస్తాయి. ఒడ్డున ఇళ్ళ దీపాలు, దుకాణాల దీపాలు వెలుగుతుంటే దారి తప్పి ఊరివైపు వచ్చేస్తాయి. ఇక్కడ పిల్లలు చేయదగిన పని గుడ్లు ఏరడం కాదు. ఆ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, గుడ్లను కదిలించడం, పాడుచేయడం నేరం. గుడ్లు కనిపిస్తే అటవీ సిబ్బందికి కబురు చేస్తే చాలు. పిల్లలు చేయగలిగినది వేరే ఉంది. ఒడ్డువైపున్న ఇళ్ళకు వెళ్ళి, ఆ కొన్ని వారాలు రాత్రిపూట బయటి దీపం ఆర్పేయమనీ, కుదరకపోతే సముద్రం వైపు వెలుగు పడకుండా అట్ట అడ్డు పెట్టమనీ అడగాలి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు లేదో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మర్నాడు రాత్రి ఎన్ని దీపాలు ఆరాయో గుమ్మం ముందు నిలబడి లెక్కపెట్టవచ్చు. ఫలితం ఒక్క రోజులో తెలిసే పని ఇంతకంటే ఏముంటుంది?

టెక్కలి వైపు పిల్లలకు తేలినీలాపురం చూపించండి. శరదృతువులో వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అక్కడి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. అవి రావడం శుభమని నమ్మే ఊరివాళ్ళు తరాలుగా వాటి జోలికి పోకుండా కాపాడుతున్నారు. అక్కడ పక్షులతో పాటు ఊరివాళ్ళను కూడా పలకరించమని పిల్లలకు చెప్పండి. అది అటవీశాఖ ఒక్కదాని వల్ల నిలిచిన చోటు కాదని వాళ్ళకే తెలుస్తుంది.

మా బడిలో ఏటా ర్యాలీలు చేయిస్తున్నాం. ప్లకార్డులు పట్టుకుంటున్నారు, నినాదాలు ఇస్తున్నారు. ఇది పాల్గొనడమే కదా?

కాదు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నారు. పిల్లలను వాడుకోవడం మొదటి మెట్టు, అలంకారంగా నిలబెట్టడం రెండోది, పేరుకు మాత్రం వేదిక ఎక్కించడం మూడోది. మన ర్యాలీల్లో చాలావరకు రెండో మెట్టు దాటవు. మాస్టారు రాసిచ్చిన నినాదం, అది దేని గురించో తెలియని నాలుగో తరగతి పిల్లవాడు, పొద్దున పది గంటల వేళ ఎండ, అతిథి వచ్చేదాకా నిలబడడం, ఫొటో, ఆఖరికి ఒక బిస్కెట్ పొట్లం.

ర్యాలీలు మానేయమని చెప్పడం లేదు. ఒక చిన్న పరీక్ష పెట్టండి. ప్లకార్డు మీద ఏం రాయాలో పిల్లలనే నిర్ణయించుకోనివ్వండి. "దోమలను తరిమికొడదాం" అన్న చోట "మా బడి వెనక కాలువ తీయించండి" అని రాస్తారు. అప్పుడు అతిథికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అలా ఉంటేనే ర్యాలీకి అర్థం.

పిల్లలు అర్జీ ఇస్తే తీసుకుంటారా? చట్టం ఏమంటుంది?

తీసుకోకూడదని ఏ చట్టమూ అనలేదు. ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ తన అభిప్రాయం చెప్పవచ్చనీ, వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలనీ అంటుంది. భారతదేశం 1992లో దీన్ని అంగీకరించింది.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ బడికి యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనలు ఆ కమిటీలో బడి పిల్లలకు చోటిచ్చే వీలు కూడా కల్పించాయి. మీ ఊరి బడి కమిటీలో ఉన్న తల్లికి పిల్లల మాటను సమావేశానికి మోసుకెళ్ళడం కష్టమేమీ కాదు.

2005 సమాచార హక్కు చట్టం పౌరులందరికీ వర్తిస్తుంది, పద్దెనిమిది నిండాలని అందులో లేదు. గాంధీని జాతిపిత అనడానికి ఉత్తర్వు ఏదైనా ఉందా అని 2012లో లక్నోకు చెందిన పదేళ్ళ బాలిక అడిగింది. అలాంటి పత్రమేదీ లేదని ప్రభుత్వం జవాబు ఇవ్వక తప్పలేదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో సమాచారం అడగడానికి దరఖాస్తు రుసుము కూడా లేదు.

ఇన్ని చట్టాలు ఎందుకు చెప్పామంటే, ఎవరైనా "పిల్లలకేం పని" అన్నప్పుడు మీరు జవాబు చెప్పగలగాలని. ఊళ్ళో మాత్రం చట్టంతో మొదలుపెట్టకండి. తెల్లకాగితం మీద పిల్లలు సొంతంగా రాసిన నాలుగు వాక్యాలతో పంచాయతీ ఆఫీసుకు వెళ్ళండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవడం నేర్పండి. ముద్ర పడిన ఆ కాగితాన్ని పిల్లలు ఎంత భద్రంగా దాచుకుంటారో చూడాలి!

అర్జీ ఇచ్చారు. నెలలు గడిచాయి, జవాబు లేదు. ఇప్పుడు పిల్లలకు ఏం చెప్పాలి?

అన్నిటిలోకీ ముఖ్యమైన ప్రశ్న ఇదే. పని జరగకపోవడం వల్ల కలిగే నష్టం కన్నా, జవాబే రాకపోవడం వల్ల కలిగే నష్టం ఎక్కువ.

మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు మనస్తత్వ శాస్త్రంలో చాలా ప్రసిద్ధం. తాము ఏం చేసినా విద్యుత్ షాకు ఆగదని అనుభవంలోకి వచ్చిన కుక్కలు, తరువాత తప్పించుకునే వీలున్నా కదలకుండా పడుకున్నాయి. నిస్సహాయతను నేర్చుకున్నాయని అప్పట్లో అనుకున్నారు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత, 2016లో, మెదడు పరిశోధనలను పరిశీలించి ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. బాధ ఎడతెగకుండా సాగితే చతికిలబడడం ఎవరూ నేర్పనక్కరలేని సహజ స్పందన అనీ, నేర్చుకోవలసింది "ఇది నా చేతిలో ఉంది" అన్న భావాన్నే అనీ చెప్పారు.

దీన్నిబట్టి "మా పిల్లలకు చొరవ లేదు" అని వాపోవడంలో అర్థం లేదు. చొరవ పుట్టుకతో వచ్చేది కాదు, అడిగితే ఎవరో ఒకరు పలకడం చూసి అలవడేది. కాబట్టి అర్జీ తీసుకున్న అధికారి దగ్గరికి పెద్దవాళ్ళలో ఒకరు వెళ్ళి చెప్పండి: "పని చేయలేకపోతే చేయలేమని చెప్పండి, ఎందుకో చెప్పండి. కానీ పిల్లలకే చెప్పండి." నిధులు లేవని పంచాయతీ కార్యదర్శి స్వయంగా బడికి వచ్చి చెప్పినా అది జవాబే. అలా చెబితే పిల్లలు కుంగిపోరు. నిధులు ఎక్కడి నుంచి వస్తాయని మరో ప్రశ్న వేస్తారు. రెండోసారి రాసినా జవాబు రాకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి ఒక తల్లో తండ్రో వెంట ఉండి తీసుకెళ్ళవచ్చు. బడి మాన్పించి మాత్రం వద్దు, బడికి సెలవులున్నప్పుడు వచ్చే సోమవారం చూసుకోండి.

మాది ఉద్దానం. మా నాన్నగారు డయాలసిస్‌లో ఉన్నారు. ఊళ్ళో ఇంటికొకరు ఇలాగే ఉంటే పిల్లవాడికి "నువ్వు మార్చగలవు" అని ఏ ముఖంతో చెప్పను?

చెప్పకండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకు ఉందో ఏళ్ళ తరబడి పరిశోధించినవారు కూడా ఇదీ కారణమని ఒక్కదాన్ని తేల్చలేదు. పెద్ద శాస్త్రవేత్తలు మోస్తున్న బరువును పదేళ్ళవాడి తల మీద పెట్టకూడదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 చివరిలో మొదలయ్యాయి. ఆ జబ్బు మీద పోరాటం ఆసుపత్రులది, ప్రభుత్వాలది.

అయితే తాతయ్య బాగోగుల్లో వాడికి ఒక పని ఉండవచ్చు. ఆయన డయాలసిస్ తేదీలు క్యాలెండర్ మీద గుర్తుపెట్టడం, మందుల వేళ గుర్తుచేయడం. ఒంటి నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు కిడ్నీకి చేటు చేస్తాయి, డాక్టరుని అడగకుండా వేసుకోవద్దని ఇంట్లో చెప్పడం. జీడితోటలో రోజంతా పనిచేసే పిన్నికి నీళ్ళ సీసా నింపి ఇవ్వడం. ఇవి జబ్బును తగ్గించవు, ఆ సంగతి వాడితో దాచకండి. "నువ్వు గుర్తుచేయబట్టి ఈ నెల ఒక్క రోజు కూడా తప్పలేదు" అని తాతయ్యే ఒకసారి అంటే చాలు. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి. ధైర్యంగా ఉండాలని ఒత్తిడి పెట్టవద్దు.

తుపాను హెచ్చరిక వింటేనే మా పాప వణికిపోతుంది. ఏం చేయాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలకొరగడం చూసిన ఇళ్ళు మనవి. ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయకండి. పాపకు ఒక పని అప్పగించండి. వీధి పటం గీయమనండి. ఒంటరిగా ఉండే ముసలివారు ఏ ఇంట్లో ఉన్నారు, కదలలేనివారు ఎవరు, గర్భిణి ఎవరు, తుపాను రక్షిత భవనానికి దారి ఏది అన్నవి అందులో ఉండాలి. హెచ్చరిక వచ్చిన రోజు ఆ పటం పట్టుకుని పెద్దవాళ్ళు నిజంగానే ఆ ఇళ్ళకు వెళ్ళాలి. గోడకు అంటించి వదిలేస్తే అది చిత్రలేఖనం పోటీ అయిపోతుంది.

మేం చేపల పనికి గుజరాత్ వెళ్తాం. పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. ఫోనులో ఏం నేర్పగలం?

చాలానే. మార్కుల గురించి ఒక్క ప్రశ్న తగ్గించి, "ఈ వారం ఊళ్ళో ఏం చూశావు? ఏది బాగాలేదు? ఎవరితో చెప్పావు?" అని అడగండి. మీరు వెళ్ళాక ఇంట్లో సగం నిర్ణయాలు పిల్లలే తీసుకుంటున్నారని మరిచిపోవద్దు. రేషను, గ్యాసు, అమ్మమ్మ పింఛను పనుల్లో పదమూడేళ్ళ పిల్ల చేసేది తక్కువేమీ కాదు. ఆ పనిని ఇంటి చాకిరీగా తీసిపారేయకుండా, "ఇల్లు నువ్వే నడిపావు" అని పేరు పెట్టి చెప్పండి. అలాగని బడి మాన్పించే బరువు మాత్రం పెట్టకండి.

మా అమ్మాయి నలుగురిలో మాట్లాడదు. మన యాసను వెక్కిరిస్తారని భయం.

ఈ భయాన్ని పెంచింది మనమే. శ్రీకాకుళం మాట వినబడగానే సినిమాల్లో నవ్వు మొదలవుతుంది, మనమూ నవ్వుతాం. ఇంగ్లీషు మీడియం బడిలో ఆ మాట నోట రాకూడదంటారు. అడగవలసిన సంగతి మనసులో ఉన్నా, ఏ భాషలో అడగాలో తెలియక నోరు విప్పని పిల్లలు ఎంతమందో!

గిడుగు రామమూర్తి మన జిల్లావారే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయనా, గురజాడ అప్పారావూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. జనం మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని ఇద్దరూ పట్టుబట్టారు. గిడుగు అంతటితో ఆగలేదు. గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు కదా, ఈసారి ఆ వేదిక మీద పిల్లలను ఇంటి మాటలోనే మాట్లాడనివ్వండి. ఆ రోజు ఉపన్యాసాలు గ్రాంథికంలో సాగుతుంటే ఆ మహానుభావుడు పైనుంచి చూసి ఏమనుకుంటాడో!

ఇంట్లో మాత్రం ఒక్కటే నియమం. ఆమె మాట్లాడుతుండగా ఉచ్చారణ దిద్దకండి.

వీటితో చదువు పాడవదా?

వారానికి గంట, రెండు గంటలు. అదే సమయం ఫోనులో పోతే పాడవని చదువు దీనితో పాడవదు. పదో తరగతి పరీక్షల ముందు మాత్రం ఎవరినీ పిలవం.

బృందంలో మగపిల్లలే ముందుంటున్నారు. ఆడపిల్లలను బయటికి పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు.

సమావేశం సాయంత్రం ఆరింటికి పెట్టి ఆడపిల్లలు రాలేదంటే తప్పు మీ గడియారానిది. పగలు పెట్టండి, బడిలోనో అంగన్‌వాడీలోనో పెట్టండి. ఒక తల్లి అక్కడ కూర్చుని ఉండేలా చూడండి. లెక్క రాసే పని, అధికారితో మాట్లాడే పని ఆడపిల్లలకే ముందు ఇవ్వండి. నీళ్ళు అందించే పని మగపిల్లలకు ఇచ్చి చూడండి, మొదట నవ్వుతారు, తరువాత అలవాటవుతుంది.

తన స్నేహితురాలికి పెళ్ళి చేస్తున్నారని మా అమ్మాయికి తెలిసింది. ఆపాలంటోంది. ఏం చేయాలి?

ఆమెను ఆ ఇంటికి పంపకండి. చట్ట ప్రకారం అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండకుండా చేసేది బాల్య వివాహం. 2006 చట్టం కింద మేజిస్ట్రేటు దాన్ని ముందే ఆపించవచ్చు. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి, అది ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. పిల్లలే చేయవచ్చు, కానీ మీరు పక్కన ఉండి చేయించడం మంచిది. చెప్పినవారి పేరు బయట పెట్టవద్దని అడగండి. పెళ్ళి ఆగాక ఆ స్నేహితురాలు మళ్ళీ బడికి వచ్చిన రోజున పక్కన కూర్చోవడం మీ అమ్మాయి పని. అందరూ గుసగుసలాడుతుంటే అది చిన్న సాయమేమీ కాదు.

పిల్లలు చేసిన పనులను ఫొటోలు తీసి అందరికీ పంపవచ్చా?

పని ఫొటో పంపండి, పిల్లల ముఖాలు వద్దు. తప్పదనుకుంటే తల్లిదండ్రులను అడగండి, పిల్లలనూ అడగండి.

మాది ఏకోపాధ్యాయ పాఠశాల. అయిదు తరగతులూ నేనే చూసుకోవాలి. ఇంకో కార్యక్రమం అంటే భయమేస్తోంది.

కొత్త కార్యక్రమం ఏమీ వద్దు మాస్టారూ. ఉన్నదాంట్లోనే ఒక నిర్ణయం పిల్లలకు వదలండి. మధ్యాహ్న భోజనం అయ్యాక ఏ రోజు ఎంత పారబోశారో ఇద్దరు పిల్లలు పలక మీద రాస్తారు. "చాలా, కొంచెం, లేదు" అని మూడు మాటలు చాలు. నెలాఖరున ఆ లెక్కను వంట చేసే అమ్మకు వాళ్ళే చదివి వినిపిస్తారు. ఆ రోజు పప్పు ఎందుకు మిగిలిందో ఆమెకు తెలుసు, పిల్లలకు తెలుసు, మీకు ఒక్కరికే తెలియదు. ఆమెను నిందించే లెక్కగా మాత్రం మారనివ్వకండి. బియ్యం రావడం ఆలస్యమైందనో, గ్యాసు అయిపోయిందనో ఆమె చెబితే అది కూడా పలక మీదికి రావాలి.

పిల్లలు మనకు ఇబ్బందికరమైన ప్రశ్న అడిగితే?

అడుగుతారు, అందుకు సిద్ధపడే మొదలుపెట్టండి. ఊరి కాలువ గురించి లెక్క తీస్తే, దాన్ని ఆక్రమించి అరుగు కట్టుకున్నవారిలో సొంత పెదనాన్న పేరు వస్తుంది. చెరువులో చెత్త ఎవరు వేస్తున్నారని చూస్తే మన ఇంటి సంచి కూడా కనిపిస్తుంది. అప్పుడు "నీకెందుకు, పోయి చదువుకో" అంటే, అంతవరకు పిల్లలు నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోతుంది. పెదనాన్న అరుగు ఆ రోజే కూలగొట్టనక్కరలేదు. "నువ్వన్నది నిజమే. నేను ఆయనతో మాట్లాడతాను, ఆదివారం లోపు ఏమన్నారో నీకు చెబుతాను" అనండి. ఆదివారం చెప్పండి, ఆయన తిట్టి పంపినా సరే.